చలనచిత్ర స్వరపత్రములు: సంగ్రహణము, పాఠవిమర్శ

తాళపత్రప్రతులను సేకరించి, వానిని నొండొంటితో సరిచూచి, పాఠమును నిర్ణయించుట మన పండితులకు జిరపరిచితమైన పని. ఒక కావ్యమునకు బదిప్రతులు దొరకినచో నవి పదియు నొక్కరీతిగా నుండవనియు, లేఖకుల యేమఱుపాటువలనను, బోషకుల యభిరుచివలనను, గాలక్రమమున వచ్చిచేరిన ప్రక్షిప్తములవలనను బాఠము మాఱుచుండుననియు వారెఱుగుదురు. ఈ పరిశోధనపద్ధతి ప్రాచీనకావ్యములకే కాక, నిన్నమొన్నటిదని మనము చులకనగా జూచు నొక వస్తువునకుగూడ నెంత యావశ్యకమో చూపుట యీవ్యాసముయొక్క యుద్దేశము. ఆవస్తువు, ఇరువదవ శతాబ్ది ప్రథమార్ధమున నైరోపా, అమెరికా ఖండములయందు వెలువడిన చలనచిత్రముల సంగీతమునకు సంబంధించిన ముద్రితస్వరపత్రము.

పాశ్చాత్యులు సంగీతమును అయిదుగీతలపై జుక్కలతో వ్రాయుదురు. ఒక్కొక్క పాటను వేఱువేఱుగా నచ్చొత్తించి, రంగుల ముఖపత్రమును జేర్చి, విడిపత్రముగా నమ్ముట వారిలో నొక పెద్ద వర్తకము. దీనినే వారు షీటుమ్యూజిక్కు అందురు. మధ్యతరగతి గృహములయందు బియానో యుండుట సామాన్యమైన దినములలో, చిత్రమును జూచి వచ్చినవారు దానిలోని పాటను దమయింట వాయించుకొనుటకై యీపత్రమును గొనుచుండిరి. ఆచిత్రములు కనుమఱుగైనవి, ఇండ్లలోని పియానోలును దగ్గినవి, పత్రములు మాత్రము పెట్టెలలోను, అటకలపైనను నిలిచినవి. వానిని సేకరించువారు నేడు పలుదేశములందు గలరు. వారిలో బెక్కండ్రు ముఖపత్రముపైనున్న నటీనటుల చిత్తరువుకొఱకే సేకరింతురు. అది నిందింపదగిన పని కాదు. కాని లోపలి సంగీతము నొక పాఠముగా బరిశీలింపని సంగ్రహము చరిత్రకు సాక్ష్యము గాజాలదు.

స్వరపత్రము చిత్రసంగీతమునకు నకలు కాదు. దానికి నొక పాఠాంతరము. కొన్నియెడల నది చిత్రముకంటె నెక్కువ చెప్పును. కొన్నియెడల దక్కువ చెప్పును. మాతృక నశించినయెడల నదియే మిగిలిన సాక్షి యగును. ఈమూడు స్థితులను నుదాహరణములతో విచారింతము.

మూకచిత్రముల కాలము

మాటలు లేని చిత్రములకు సంగీతము లేకుండలేదు. 1908 నవంబరు 17వ తేదిని బారిసునగరమున బ్రదర్శింపబడిన గైజుప్రభువు వధ యను ఫ్రెంచి చిత్రమునకు గామీ సెంసాన్స్ అను సుప్రసిద్ధ సంగీతకర్త ప్రత్యేకముగా సంగీతమును గూర్చెను. అప్పటి కాతని వయస్సు 73 సంవత్సరములు. ఆకృతి యాతని రచనలలో 128వ సంఖ్యతో ముద్రితమై నేటికిని లభించుచున్నది.

కాని ప్రతిచిత్రమునకును నిట్టి భాగ్యము పట్టదు. ఊరూర నున్న చిన్న ప్రదర్శనశాలలలో నొక పియానోవాదకుడు తెరను జూచుచు దనకు దోచినది వాయించుచుండెను. అట్టివారి యుపయోగార్థము 1913లో అమెరికాయందలి క్లీవ్‌లాండు నగరమున శాం ఫాక్సు అను ప్రకాశకుడు జె. యస్. జామెచ్నిక్ రచించిన చిత్రసంగీత సంపుటములను వెలువరించెను. ఇట్టి గ్రంథములలో మిక్కిలి పేరొందినది 1924లో న్యూయార్కునందు షిర్మర్ సంస్థవారు ప్రకటించిన ఎర్నో రాపే సంకలనము. అందు విమానము, యుద్ధము, అగ్నిప్రమాదము, అంత్యయాత్ర, వేట, జోల, ప్రేమ, భయము, రైలుబండి, వివాహము మొదలగు 52 భావములకును సన్నివేశములకును దగిన సంగీతము అక్షరక్రమమున గూర్పబడినది.

మన యాలంకారికుల రసభావవిభజనము నెఱిగినవారి కీపట్టిక వింతగా దోపవచ్చును. శోకమునకు బ్రక్కనే రైలుబండి యుండుట శాస్త్రసమ్మతము గాదు. అయితే యీ సంకలనకర్త కోరినది సిద్ధాంతము గాదు, త్వర. తెరపై దృశ్యము మాఱులోపల వాదకుని చేయి తగిన పుటను జేరవలెను. అందువలననే యావిషయసూచి ప్రతిపుట యంచునను మరల నచ్చొత్తబడినది. ఇట్టి పుస్తకములపై నాటి వాదకులు పెన్సిలుతో వ్రాసికొన్న గుర్తులు దొరకినచో నవి మిక్కిలి విలువగలవి. ఏదృశ్యమునకు నేస్వరమును వాడిరో, ఎచట నాపిరో, ఎచట దాటవేసిరో యాగుర్తులే చెప్పగలవు. మలినమని యెంచి వానిని దుడిచివేయు సంగ్రాహకుడు తాళపత్రముపైనున్న టీకను గోకివేసినవానితో సమానుడు.

చిత్రమునకై పుట్టిన స్వరము విడిపాటయై యమ్ముడుపోవుటయు నీకాలముననే యారంభమైనది. 1915లో వెలువడిన బర్త్ ఆఫ్ ఎ నేషన్ అను మూకచిత్రమునకు జోసెఫ్ కార్ల్ బ్రీల్ కూర్చిన సంగీతమందలి ప్రేమఘట్టపు స్వరము 'పర్‌ఫెక్ట్ సాంగ్' అను పేర బత్రరూపమున వచ్చెను. ఆచిత్రము నీగ్రోజాతిని నీచముగా జిత్రించి, వారిని హింసించిన కూ క్లక్స్ క్లాన్ అను ముఠాను గొనియాడినందులకు నాడే నిరసింపబడినది. మధురమైన ప్రేమగీతమని చెప్పు నాపత్రము నందు ఈ కలహపుజాడ గన్పట్టదు. పత్రమునుబట్టి మాత్రమే చిత్రమును దలచువాడు మోసపోవునన్నమాట. 1926లో రాపే, లూ పొలాక్ గార్లు 'వాట్ ప్రైస్ గ్లోరీ' అను చిత్రమునకు గట్టిన 'షార్మేన్' పాటయు, 1927లో 'సెవెంత్ హెవెన్' చిత్రమునకు గట్టిన 'డయాన్' పాటయు గూడ నిట్లే మూకచిత్రములనుండి పుట్టి యింటింట బాడబడినవి.

టాకీలు, ప్రకాశకసంస్థలు

1927 అక్టోబరులో 'జాజ్ సింగర్' అను చిత్రమున బాటలు తెరనుండియే వినవచ్చెను. వెంటనే చిత్రనిర్మాతలకు నొక సత్యము దెలిసినది. ప్రసిద్ధమైన పాటను వాడుకొనవలెనన్న దాని హక్కుదారునకు ధనమీయవలెను. పాటల హక్కులు ప్రకాశకుల చేతిలో నున్నవి. కావున బ్రకాశకులనే కొనివేయుట మేలు. 1928, 1929 సంవత్సరములలో వార్నరు సోదరుల సంస్థ విట్‌మార్క్, హార్మ్స్, రెమిక్ అను పాత ప్రకాశకసంస్థలను గొనెను. మెట్రో గోల్డ్‌విన్ మేయరు సంస్థ రాబిన్స్ సంస్థను దనయధీనము చేసికొనెను.

దీని ఫలము ముఖపత్రముపై గానవచ్చును. చిత్రముపేరు పెద్దయక్షరములతోను, నటీనటుల ఛాయాపటములును, ఆచిత్రమందలి యితరగీతముల జాబితాయు నచట జేరినవి. పాట చిత్రమునకును, చిత్రము పాటకును బ్రకటనమైనది. కాని యమ్మకమునకు వచ్చినది పాట మాత్రమే. సంభాషణల వెనుకను, సంఘటనల వెనుకను వినబడు నేపథ్యసంగీతము సామాన్యముగా నచ్చుకాలేదు. అది స్టూడియోవారి సొత్తుగా వారి కొట్లలోనే యుండిపోయెను. ఈభేదమును మఱచినచో దరువాతి చరిత్ర యర్థము గాదు.

నాలుగు తరముల ప్రతులు

హాలీవుడ్ స్టూడియోలలో నొక చిత్రసంగీతము సామాన్యముగా నాలుగు రూపములను దాల్చెడిది. మొదటిది సంగీతకర్త స్వహస్తమున గొలదిగీతలపై వ్రాసిన చిత్తుప్రతి. రెండవది వాద్యబృందమున నేవాద్య మేస్వరమును బలుకవలెనో విడదీసి చూపిన పూర్ణప్రతి. దీనిని బెక్కుసారులు సంగీతకర్త కాక, వాద్యవిభజనమునందు నిపుణుడైన మఱియొకడు వ్రాయుచుండెను. మాక్స్ స్టైనర్, ఎరిక్ కార్న్‌గోల్డ్ అను మహాసంగీతకర్తల చిత్తుప్రతులను బూర్ణప్రతులుగా విస్తరించినవారిలో హ్యూగో ఫ్రీడ్‌హోఫర్ ముఖ్యుడు. మూడవది పూర్ణప్రతినుండి లేఖకు లెత్తివ్రాసిన యొక్కొక్క వాద్యపు విడిభాగములును, వాద్యబృందమును నడపు నాయకుని సౌకర్యార్థము పియానోరీతిగా గుదించిన సంక్షిప్తప్రతియును. నాల్గవది ప్రజల కమ్మిన ముద్రితస్వరపత్రము.

ఈనాల్గవదియే సంగ్రాహకునకు సులభముగా దొరకునది. ఇది మాతృకకు మిక్కిలి దూరమైనది. ఇంటియందు నేర్చుకొను పిల్లలుగూడ వాయించుటకు వీలుగా శ్రుతిని మార్చి, కష్టమైన స్వరములను దొలగించి, నలువదియేబది వాద్యముల నాదమును రెండుచేతుల కిమిడ్చి కూర్చినది. కావ్యమును జదువజాలనివారికై వ్రాసిన వచనసంగ్రహమువంటిది. అయినను వచనసంగ్రహముకూడ గొన్నిసారులు మూలమున లుప్తమైన కథాంశమును రక్షించుట మన మెఱుగనిది కాదు.

పాఠాంతరములు

1939లో వెలువడిన 'విజార్డ్ ఆఫ్ ఓజ్' అను చిత్రమున బాలనటి జూడీ గార్లండు పాడిన 'ఓవర్ ది రెయిన్‌బో' గీతము లోకప్రసిద్ధము. స్వరము హెరాల్డ్ ఆర్లెనుది, పదములు హార్బర్గుగారివి, ప్రకాశకులు లియో ఫైస్ట్ సంస్థవారు. చిత్రమున నామె తిన్నగా బల్లవితోనే పాట నారంభించును. ముద్రితపత్రమున నట్లు గాదు. పల్లవికి ముం దొక యుపోద్ఘాతచరణ మున్నది. దానికి వేఱు స్వరమును, వేఱు నడకయు నున్నవి. చిత్రమును మాత్రమే యెఱిగినవారికి నీచరణ మున్నట్లే తెలియదు. అది ప్రక్షిప్తము గాదు, కర్తలు రచించినదే. చిత్రమున వదలివేయబడినది పత్రమున నిలిచినది. పత్రము చిత్రముకంటె నెక్కువ చెప్పుట కిది చక్కని నిదర్శనము.

దీనికి విపర్యయముగా, చిత్రమున లేనిది పత్రమునకు దరువాత వచ్చి చేరుటయు గలదు. 1944లో వెలువడిన 'లారా' యను చిత్రమునకు డేవిడ్ రాక్సిన్ కూర్చిన స్వరము చిత్రమంతట వ్యాపించియుండును. కాని దాని కచట బదములు లేవు. చిత్రమును జూచినవారు స్వరమును గోరుటచేత 1945లో జానీ మెర్సరు పదములు కట్టెను. ఆపిమ్మటనే యది పాట యైనది. చార్లీ చాప్లిన్ తన 'మోడరన్ టైమ్స్' చిత్రమునకు 1936లో గూర్చిన స్వరమునకు 1954లో జాన్ టర్నర్, జాఫ్రీ పార్సన్స్ అనువారు పదములు చేర్చి, 'స్మైల్' అను పేర బ్రకటించిరి. ఈరెంటికిని నడుమ 18 సంవత్సరముల యెడమున్నది. 'స్మైల్' పత్రమును జూపి యిది 1936 నాటి చిత్రగీతమని చెప్పువాడు మూలమునకును వ్యాఖ్యకును భేదమెఱుగనివా డగును.

కాలనిర్ణయము

పాఠనిర్ణయముతో సమానముగా గష్టమైనది కాలనిర్ణయము. పత్రముల యడుగుభాగమున హక్కు పొందిన సంవత్సరము, పెక్కుసారులు రోమను సంఖ్యలలో, ముద్రింపబడియుండును. అది పాట పుట్టిన సంవత్సరమేకాని యాకాగిత మచ్చుపడిన సంవత్సరము గాదు.

'ఆజ్ టైమ్ గోస్ బై' అను గీతము దీనికి సాక్షి. హెర్మన్ హప్‌ఫెల్డ్ దానిని 1931లో న్యూయార్కునందలి యొక సంగీతనాటకమునకై రచించెను. హార్మ్స్ సంస్థ ప్రకటించెను. అది కొంతకాలము వినబడి మఱుగుపడెను. 1942లో వార్నరు సంస్థవారు 'కాసాబ్లాంకా' చిత్రమును నిర్మించినప్పు డాపాటను గథయందు బ్రధానముగా వాడిరి. చిత్రమునకు మూలమైన యముద్రితనాటకముననే యాపాటపేరు గలదు. హార్మ్స్ సంస్థ యప్పటికే వార్నరువారి సొత్తు గావున హక్కులకై పరులను యాచింపవలసిన పనియు లేకపోయెను. హంఫ్రీ బొగార్టు, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ గార్ల చిత్తరువులతో గ్రొత్త ముఖపత్రము వచ్చెను. లోపల మాత్రము 1931 సంవత్సరమే నిలిచెను. చిత్రములో నటించినవారి పటములున్న పత్రమును జేతబట్టుకొని యిది పదునొకం డేండ్లు ముందటి ముద్రణమని భ్రమించుట కవకాశ మున్నది.

ఆకాలమున నింకొక విశేషము గలదు. 1942 ఆగస్టు 1వ తేదినుండి అమెరికా వాదకుల సంఘమువారు గ్రామఫోను సంస్థలకు వాయించుట మానివేసిరి. ప్రధానసంస్థలతో బూర్తిగా రాజీ కుదురుటకు 1944 నవంబరు వఱకు బట్టెను. అందుచే చిత్రమువలన ప్రఖ్యాతి గాంచిన యీపాటకు గ్రొత్త వాద్యసహితగ్రామఫోను పలక వెంటనే రాలేదు. రూడీ వాలీ 1931లో నిచ్చిన పాతపలకనే మరల నమ్మిరి. క్రొత్తరూపమున బాటను దమయింటికి దెచ్చుకొనదలచినవారికి స్వరపత్రమే ముఖ్యమైన మార్గమైనది.

ముద్రణకాలమును గనుగొనుటకు గొన్ని యానవాళ్లు గలవు. మొదటి మహాసంగ్రామమునకు బూర్వపు అమెరికా పత్రములు పెద్దవి, సుమారు 13½ అంగుళముల పొడవును 10½ అంగుళముల వెడల్పును గలవి. సంగ్రామకాలమున గాగితపు పొదుపుతో నారంభమై, 1920 ప్రాంతమునకు 12 అంగుళముల పొడవు, 9 అంగుళముల వెడల్పు గల పరిమాణము స్థిరపడెను. స్వరరేఖలపై నాలుగుతంత్రుల యుకులేలీ వాద్యమునకై వ్రేళ్లస్థానములను జూపు చిన్నగళ్ల బొమ్మలున్నచో నది 1920కి దరువాతి దగుట సంభావ్యము. యుద్ధఋణపత్రములను గొనుడని కోరు ప్రకటన మున్నచో నది సంగ్రామకాలపుది. వెనుకటి యట్టపై నితరగీతముల ప్రకటన లున్నచో, వానిలో నన్నిటికంటె గడపటిదాని సంవత్సరమునకు ముందు ఆప్రతి ముద్రిత మైయుండదు. ఈ తర్కము శాసనములను, తాళపత్రములను బరిశీలించువారు నిత్యము వాడునదే.

వినాశము, పునరుద్ధారము

స్వరపత్రములయెడ మన మింత శ్రద్ధ వహింపవలసిన కారణము మఱొకటి కలదు. అది మాతృకల గతి. 1969లో మెట్రో గోల్డ్‌విన్ మేయరు సంస్థ క్రొత్త యజమానుల చేతికి వచ్చెను. పాత చలనచిత్రముల సంగీతము మరల నుపయోగపడదని తలచి, దశాబ్దములుగా గొట్లలో నిలువచేసిన పూర్ణప్రతులను, వాద్యభాగములను జెత్తతోపాటు పల్లములు పూడ్చుటకు బంపివేసిరి. లోకమంతయు విని యానందించిన సంగీతమునకు మాతృక యిట్లు మట్టిపాలైనది. హక్కుల నిమిత్తము దాచిన సంక్షిప్తప్రతులు కొన్ని మాత్రము మిగిలినవి.

ఇంగ్లాండుదేశపు వాద్యబృందనాయకుడు జాన్ విల్సన్ ఆసంక్షిప్తప్రతులను ముందుంచుకొని, చిత్రములనుండి వచ్చు ధ్వనిని బలుమాఱు లాలకించి, ఏవాద్యము పలికిన దేస్వరమో నిర్ణయించి, పూర్ణప్రతులను మరల వ్రాసెను. 2009లో లండనుననున్న రాయల్ ఆల్బర్టు హాలులో నీసంగీతము వేలకొలది శ్రోతలకు మరల వినిపింపబడెను. చెవితో విన్నదానిని లిపితో సరిచూచి పాఠమును బునఃప్రతిష్ఠించుట యనగా నిదియే. సంక్షిప్తప్రతియే లేకపోయిన పక్షమున నీకార్య మెంత దుష్కరమగునో యూహింపవచ్చును.

పత్రము సంగీతమునే కాక చిత్రమునే రక్షించిన సందర్భ మొకటి కలదు. ఫ్రిట్జ్ లాంగ్ నిర్మించిన 'మెట్రోపోలిస్' అను జర్మను మూకచిత్రము 1927 జనవరి 10వ తేదిని బెర్లిను నగరమున మొదట బ్రదర్శింపబడెను. అటుపిమ్మట వర్తకులు దానిని గత్తిరించి కుదించిరి. తొలగించిన భాగములు నశించెనని తలపబడెను. కాని గాట్‌ఫ్రీడ్ హుప్పెర్ట్జ్ కూర్చిన సంగీతపుప్రతి నిలిచియుండెను. దృశ్యమునకు సంగీతము సరిపోవుటకై వాద్యబృందనాయకునికి జేసిన సూచనలు 1,028 అందు వ్రాయబడినవి. ఏఘట్టము పిమ్మట నేఘట్టము రావలెనో, ఒక్కొక్కటి యెంతసేపు నడువవలెనో యాసూచనలవలన దెలిసెను. 2008లో దక్షిణామెరికాయందలి బ్యూనస్ ఐరిస్ నగరపు చలనచిత్రశాలయం దధికభాగములు గల యొక ప్రతి బయల్పడినప్పుడు, ఆభాగములను యథాస్థానమున జేర్చుటకు నీసంగీతప్రతియే సూత్రమయ్యెను. 2010 ఫిబ్రవరిలో నాచిత్రము హుప్పెర్ట్జ్ సంగీతముతో బెర్లినునందు మరల బ్రదర్శింపబడెను. శిథిలకావ్యమును వ్యాఖ్యాత యుదాహరించిన ప్రతీకముల సాహాయ్యమున సంధించునట్లు, శిథిలచిత్రము సంగీతసూచనలతో సంధింపబడినది.

సంగ్రాహకుని విధులు

ఇంతవఱకు జెప్పినదానినుండి సంగ్రాహకునకు గొన్ని నియమము లేర్పడును.

మొదటిది, పుటలసంఖ్య. ఈపత్రములు సామాన్యముగా నొక పెద్దకాగితమును మడిచిన నాలుగు పుటలు. పాట పెద్దదైనచో నడుమ నొక విడియాకు చేర్చబడును. కుట్టు లేనందున నీయాకు తఱచు జాఱిపోవును. ముఖపత్ర మెంత క్రొత్తగా నున్నను, నడుమ యాకు లేని ప్రతి ఖండితప్రతియే. స్వరము పుటదాటుచోట సంధి కుదిరినదో లేదో పరీక్షింపవలెను.

రెండవది, ముఖపత్రమే లేని ప్రతులు. గాయకులకును, వాద్యబృందములకును ముందుగా నుచితముగా బంపుటకై చవుకకాగితముపై, బొమ్మ లేకుండ, అమ్మకమునకు గాదని వ్రాసి ముద్రించిన ప్రతులు గలవు. బొమ్మను గోరువారు వీనిని ద్రోసివేయుదురు. కాని యవి సాధారణముగా బజారుప్రతికంటె ముందుపాఠమును జూపునవి గావున విమర్శకున కివియే ముఖ్యములు.

మూడవది, పూర్వస్వాముల గుర్తులు. దుకాణపు ముద్ర, పేరు, తేది, పియానోగురువు దిద్దిన వ్రేళ్లసంఖ్యలు, ఇవన్నియు నాపాట యేయూర నెవరియింట నెట్లు వాయింపబడెనో చెప్పు సాక్ష్యములు.

నాల్గవది, సంరక్షణము. నాటి కాగితమున నామ్లగుణము మెండు. కాలక్రమమున బసుపువన్నెకు దిరిగి పెళుసెక్కును. చిరుగులకు జిగురుపట్టీలు అంటించుటయు, పియానోపీట పెట్టెలో బట్టుటకై యంచులు కత్తిరించుటయు జేయరాని పనులు. ఆమ్లరహితమైన దళసరికాగితపు మడతలో, వెలుతురును దేమయు సోకనిచోట, బరువు పడకుండ బరపి యుంచవలెను. క్రిమికీటకముల బాధ మనదేశమున నధికము గాన నీజాగ్రత్త మనకు మఱింత యావశ్యకము.

అయిదవది, హక్కు. కాగితమును గొన్నంతమాత్రమున బాట సొంతము గాదు. అమెరికాయందు, ఆకాలపు ముద్రితకృతులలో విధిప్రకారము హక్కు నిలుపుకొన్నవాని కది ప్రచురణసంవత్సరమునుండి 95 సంవత్సరముల వఱకు చెల్లును. కావున బునర్ముద్రణము తలపెట్టువారు సంవత్సరమును లెక్కింపక ముందడుగు వేయరాదు.

సంగ్రహము చివరకు జేరవలసినచోటు గ్రంథాలయము. బాల్టిమోరు నగరమున లెస్టర్ లెవీ యను గృహస్థుడు జీవితకాలము సేకరించిన పత్రములు జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమును జేరినవి. ఆసంగ్రహమున 1780 మొదలు 1960 వఱకు గల 29,000 పైచిలుకు పత్రము లున్నవి. సంగీతకర్తల స్వహస్తప్రతులు నిట్లే యాశ్రయము గాంచినవి: కార్న్‌గోల్డువి అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమునను, స్టైనరువి యూటా రాష్ట్రమందలి బ్రిగ్‌హమ్ యంగ్ విశ్వవిద్యాలయమునను, బెర్నార్డ్ హెర్మనువి కాలిఫోర్నియాలో శాంటా బార్బరా విశ్వవిద్యాలయమునను గలవు. ఇంటిలోని ముద్రితపత్రమును, గ్రంథాలయమందలి స్వహస్తప్రతిని బ్రక్కప్రక్కల నుంచి చదువుటతోనే పాఠవిమర్శ యారంభమగును.

మన పాటల పుస్తకములు

ఈవిచారము మనకు సంబంధించినది కాదని యెవరైన ననవచ్చును. స్వరలిపిముద్రణము మనకు గ్రొత్త గాదు. 1904లో ఎట్టయాపురమున సుబ్బరామదీక్షితులవారు ప్రకటించిన సంగీతసంప్రదాయప్రదర్శిని, తెలుఁగులిపిలోనే స్వరములను గమకచిహ్నములతోగూడ నచ్చొత్తించిన మహాగ్రంథము. మనభాషలో స్వరపత్రము సాధ్యమే యని యది నాడే నిరూపించినది.

అయినను మన చలనచిత్రములు ఆమార్గమును ద్రొక్కలేదు. నాటకములనాటి యాచారమును బట్టి, కథాసంగ్రహమును, నటీనటుల పేళ్లను, పాటల పదములను ముద్రించిన పలుచని పాటలపుస్తకములు ప్రదర్శనశాలలయొద్ద స్వల్పమూల్యమునకు నమ్మబడినవి. వానిలో స్వరము లేదు. కావున మన స్థితి పాశ్చాత్యుల స్థితికి దలక్రిందు. వారి పత్రములయందు స్వరము నిలిచి, వాద్యవిభజనము లోపించినది. మనవానియందు సాహిత్యము నిలిచి, స్వరమే లోపించినది. 1932లో హెచ్. ఎం. రెడ్డిగారి నిర్దేశకత్వమున వెలువడిన తొలి తెలుఁగు టాకీ భక్తప్రహ్లాదకు జందాల కేశవదాసుగారు పాటలు రచించిరి. ఆచిత్రపుప్రతి నేడు లభించుటలేదు. ఇట్టి చిత్రములకు బాటలపుస్తకమొక్కటి దొరకినను బదముల యానుపూర్వి తెలియును. స్వరమునకు మాత్రము గ్రామఫోనుపలకలును, వినినవారి జ్ఞప్తియు దప్ప వేఱు శరణ్యము లేదు. పలకలు పగులును, జ్ఞప్తి మనుజునితోనే పోవును.

కావున మనవారు చేయదగిన కార్యము స్పష్టముగానే యున్నది. పాటలపుస్తకమును జిత్తుకాగితమని పాఱవేయక, దొరకిన ప్రతులన్నిటిని దేశకాలవివరములతో నమోదు చేయవలెను. ఒకే చిత్రమునకు రెండు ముద్రణము లున్నచో రెండింటిని నుంచి భేదములను గుర్తింపవలెను. పాఠశాలలయందలి సంగీతోపాధ్యాయులు పాతపలకలను విని, వానిని స్వరపఱచి, పదములున్న పుస్తకముతో జేర్చి వ్రాయవలెను. పాశ్చాత్యులు మట్టిపాలైన పూర్ణప్రతులను జెవితో మరల గట్టుకొనగలిగినప్పుడు, పలక వినబడుచున్నంతకాలము మన మీపని చేయలేమనుట చెల్లదు. పలక వినబడకపోయిన తరువాత మాత్రము, ఎంత పాండిత్యమున్నను ఆపాట యెట్లుండెనో చెప్పువారుండరు.